మడ అడవిలో చెక్కబాట

జూన్ 3

పిచ్చుకా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "ఆ, ఆ" అన్నదంతా ఉత్తిదే. ఒక్క ముక్క వినపడలేదు. ఆస్పత్రి లాండ్రీలో మిషన్ల పక్కన ఇన్నేళ్ళు నిలబడితే చెవులు ఇంకేం మిగులుతాయి? ఇకమీదట ఉత్తరమే రాయి. కళ్ళింకా పనిచేస్తున్నాయి.

మీ బావని నీ దగ్గరికి పంపుతున్నాను. జ్వరం తగ్గింది గానీ మనిషి మంచం దిగడం లేదు. గాలి మార్పు కావాలని డాక్టరు అన్నాడు. నువ్వు పనిచేసే పార్కులో మడ చెట్ల మధ్య చెక్కలతో బాట వేశారన్నావే, అక్కడ రోజూ నాలుగడుగులు వేయించు. ఎండలో మాత్రం తిప్పకు.

వ్యాను నడపడం మానేశాడు. యజమానితో మాట తేడా వచ్చింది, అంతే. నువ్వు ఆరా తీయకు, అడిగితే ముడుచుకుపోతాడు. ఇంకోటి. వాడి కోసం ఎవరైనా వస్తే అలాంటి మనిషి ఇక్కడ లేడని పంపెయ్. పాత స్నేహితుల మూక ఒకటుంది. వాళ్ళతో కలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

నాకు సెలవు దొరకదు. ఇస్త్రీ దగ్గర ఇద్దరు మానేశారు, తడి దుప్పట్లు నడుమెత్తున పేరుకుపోయి ఉన్నాయి. మీ అమ్మ పోయాక నిన్నూ వాణ్ణీ ఒక్కదాన్నే పెంచాను. ఇప్పుడు వాణ్ణి నీకు అప్పజెబుతున్నాను. చూసుకో.

అల్లుణ్ణి అడిగానని చెప్పు.

మీ అత్త

జూన్ 12

అత్తా,

బావ చేరాడు. ఇంటికి రాకుండా నేరుగా పార్కు గేటు దగ్గరికే వచ్చాడు. టికెట్ కిటికీలోంచి చూసి ఎవరో పెద్దాయన అనుకుని "ఎన్ని టికెట్లండీ?" అన్నాను. "చిన్నప్పుడు పలక పెట్టి నా నెత్తి పగలగొట్టినదాన్ని చూడ్డానికి కూడా టికెట్ కొనాలా?" అన్నాడు. అప్పుడు గానీ గుర్తుపట్టలేదు. ఎంత చిక్కిపోయాడత్తా! అయినా కంగారు పడకు, మనిషి నిలకడగానే ఉన్నాడు.

ఆ బాట నువ్వు చూడలేదు కదా, చెబుతాను విను. గేటు దాటగానే మొదలవుతుంది. బురదకి మనిషెత్తున పలకలు పరిచి, రెండు పక్కలా కడ్డీ కట్టారు. మెట్లు లేవు, ఎక్కుడు లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చంకలో బిడ్డలున్నవాళ్ళు కూడా ఆపసోపాలు పడకుండా వెళ్ళొచ్చేస్తారు. చుట్టూ మడ చెట్లు. వాటి వేళ్ళు కొన్ని గొడుగు ఊచల్లా వంగి బురదలోకి దిగుతాయి. కొన్ని బురదలోంచే పైకి పొడుచుకొస్తాయి, గాలి పీల్చుకోడానికట. సముద్రం పోటు మీద ఉంటే నీళ్ళు పలకల అడుగు దాకా వస్తాయి. నీరు తీశాక చూడాలి, పీతలన్నీ బిలబిలమంటూ బయటికొస్తాయి. బాట చివర కాలువ మీదికి ఒక అరుగు, రెండు బెంచీలు. బావకి అక్కడ కూర్చోవడం ఇష్టం.

గేటు తెరవకముందు బాటంతా నడిచి, ఊగే పలక కనపడితే మేకు దిగ్గొట్టడం నా పనే. ఇప్పుడు బావ తోడొస్తున్నాడు. "నువ్వు మేకుని బెదిరిస్తున్నావు గానీ కొట్టడం లేదు" అని సుత్తి లాక్కుంటాడు. ఇంటికొస్తే మా ఆయనా తనూ పడవ ఇంజన్ల గురించి మొదలుపెడతారు, నేనొక మనిషిని ఉన్నట్టే గుర్తుండదు వాళ్ళకి.

కడుపునిండా తింటున్నాడు. నిద్ర కూడా బాగా పడుతోంది. నువ్వు బెంగ పెట్టుకోకు.

పిచ్చుక

జూన్ 20

పిచ్చుకా,

నీ ఉత్తరం ఏప్రాన్ జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. తడి తగిలి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. కడుపునిండా తింటున్నాడని రాసిన చోటు మాత్రం నిలిచింది. నాకది చాలు.

ఒకటి అడుగుతాను. ఆ పార్కుకి చిన్నపిల్లలు ఎక్కువగా వస్తారా? బడి పిల్లలు? వాళ్ళని చూసి వాడు ఏమైనా అంటాడా? ఎందుకని అడగకు. ఊరికే తెలుసుకోవాలని.

మా సూపర్‌వైజరు కొత్త పౌడరు తెచ్చింది. చేతులు పొక్కులెక్కాయి. ఆవిడకి చెబితే గ్లౌజులు వేసుకోమంటుంది, గ్లౌజులు అడిగితే వచ్చే నెల అంటుంది. సరే, ఇవన్నీ ఉన్నవే.

వాణ్ణి ఖాళీగా కూర్చోనివ్వకు.

మీ అత్త

జూలై 2

అత్తా,

అర్థమైంది, నీ మనసులో మాట పట్టేశాను! మనవల మీదికి పోయింది నీ ధ్యాస. సూటిగా అడగొచ్చు కదా, పిల్లలొస్తారా, వాడేమంటాడు అంటూ ఈ డొంకతిరుగుడు ఎందుకు?

ఇక్కడి బడిలో ఒక టీచరమ్మ ఉంది. ప్రతి నెలా తన పిల్లల్ని బాట మీదికి తీసుకొస్తుంది. నెమ్మదైన మనిషి, పెళ్ళి కాలేదు. పోయిన శుక్రవారం వాళ్ళొచ్చినప్పుడు బావని పట్టుబట్టి పంపాను. "వెనక నడువు బావా, ఏ పిల్లా కడ్డీ ఎక్కకుండా చూడు చాలు" అన్నాను. వద్దన్నాడు. చేతిలో విజిల్ పెట్టి వీపు మీద ఒక్క తోపు తోశాను. మరీ అంత సిగ్గయితే ఎలాగత్తా? సగం దూరం వెళ్ళి, పిల్లల్ని వదిలేసి, చివరి అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎండ తగిలినట్టుంది, కాస్త నీరసంగా కనిపించాడు. టీచరమ్మ "ఆయనెవరు?" అని తనే అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. నువ్వు ఊ అంటే కదుపుతాను.

ఇంకో సంగతి. నువ్వు చెప్పినట్టే ఒకాయన వచ్చాడు బావని అడుగుతూ. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అలాంటివాళ్ళెవరూ లేరని ఖరాఖండిగా చెప్పి పంపేశాను. చూశావా, నీ మాట జవదాటలేదు.

పిచ్చుక

జూలై 9

పిచ్చుకా,

ఎవరడిగారు నిన్ను పెళ్ళి సంబంధాలు చూడమని? ఆ టీచరు మాట మళ్ళీ ఎత్తకు. వాణ్ణి పిల్లల దగ్గరికి ఇంకోసారి పంపితే బాగుండదు. బడి పిల్లలొచ్చే రోజు ఇంట్లో ఉంచు.

ఆ వచ్చినవాడు ఎలా ఉన్నాడు? ఏమన్నాడు? కోపంగా ఉన్నాడా? చేతిలో ఏమైనా ఉందా? పంపేసి మంచి పని చేశావు. మళ్ళీ వచ్చినా అదే మాట చెప్పు. బావకి తెలియనివ్వకు.

చెప్పింది చెయ్యి, అంతే. నీ తెలివితేటలు ఉపయోగించకు.

మీ అత్త

జూలై 14

అత్తా,

నీ ఉత్తరం చూసి మా ఆయన ముందు తలెత్తుకోలేకపోయాను. నేనేం పాపం చేశానని ఇంత మాటన్నావు? నీ కొడుక్కి మంచి జరగాలనే కదా నా తాపత్రయం. నీ కొడుకే కావచ్చు, ఉంటున్నది నా ఇంట్లో. అడగకు, పంపకు, చెప్పకు అని నువ్వు అక్కణ్ణుంచి ఆజ్ఞలు వేస్తే ఇక్కడ నేను కళ్ళకి గంతలు కట్టుకు తిరుగుతున్నట్టుంది.

ఆ వచ్చినాయన చేతిలో ఏమీ లేదు. కోపం కూడా లేదు. చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకున్నాడు, అది చూసి జాలేసింది. మంచినీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయాడు. ఎవరత్తా ఆయన?

ఏదో ఉంది. అదేంటో చెప్పు. చెప్పకపోతే నువ్వే వచ్చి నీ కొడుకుని చూసుకో.

పిచ్చుక

జూలై 18

పిచ్చుకా,

నీకు కోపం వచ్చింది. న్యాయమే. కూర్చుని చదువు.

జ్వరం లేదు. యజమానితో మాట తేడా లేదు. మార్చి నెలలో బడి గేటు దగ్గర వాడు వ్యాను వెనక్కి తీస్తుంటే ఒక పాప చక్రం కింద పడింది. చిన్న తరగతి పిల్ల. అక్కడికక్కడే పోయింది. వాడి తప్పు లేదని పోలీసులు వదిలేశారు గానీ వీధి వదల్లేదు. మా తలుపు మీద బురద కొట్టారు. నాతో పనిచేసేవాళ్ళే నా పక్కన కూర్చుని తినడం మానేశారు. వాడు పక్కింట్లో పిల్లలు అరిస్తే చాలు, దుప్పటి ముసుగు పెట్టి పడుకునేవాడు.

ఆ వచ్చినవాడు పాప తండ్రి. గుండీ మాట రాశావు చూడు, దాంతో తెలిసింది. పాప పోయాక ఆయన బట్టలు సరిగ్గా వేసుకోవడమే మర్చిపోయాడని అందరూ చెప్పుకున్నారు. మా ఇంటికీ వచ్చాడు, నేను తలుపు తియ్యలేదు. కొట్టడానికి వచ్చాడనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

నీకు చెబితే నువ్వు కూడా వాణ్ణి అందరిలాగే చూస్తావేమోనని భయపడ్డాను. ఒక్క చోటయినా వాడు మామూలు మనిషిలా ఉంటాడని ఆశపడ్డాను. వాణ్ణి నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలకు తల్లీ. చెయ్యి పట్టుకు తిప్పు. నేను ఎలాగో సెలవు పెట్టుకుని వస్తాను.

మీ అత్త

జూలై 18

అత్తా,

బావ నీ దగ్గరికి వచ్చాడా? నిన్న ఉదయం నాకంటే ముందే లేచి సుత్తి తీసుకుని పార్కుకి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి బాట మీద లేడు. ఊళ్ళోకి వెళ్ళాడేమో అనుకున్నాను. సాయంత్రమైనా రాలేదు. ఈ రోజు మా ఆయనా తన తోటివాళ్ళూ పడవలేసుకుని కాలువంతా వెతుకుతున్నారు.

నా మీద కోపంతో నువ్వే పిలిపించుకున్నావేమో అన్న ఆశతో రాస్తున్నాను. అక్కడే ఉంటే వెంటనే చెప్పు, ఎంత తిట్టినా పడతాను. లాండ్రీకి ఫోన్ చేయించాను, నువ్వు డ్యూటీలో లేవన్నారు.

పిచ్చుక

ఆగస్టు 4

అత్తా,

జూలై 18న నువ్వు రాసిన ఉత్తరం ఆలస్యమై, నువ్వు బస్సెక్కి వెళ్ళిన మర్నాడు వచ్చింది. పోస్టులో మన ఉత్తరాలు రెండూ ఒకదాన్నొకటి దాటుకు పోయాయన్నమాట. నువ్వు ఇక్కడున్నన్ని రోజులూ నాతో మాట్లాడలేదు. నేను పెట్టిన కంచం ముట్టలేదు. బావని ఆఖరిసారి చూసినప్పుడు కూడా నా వైపు తల తిప్పలేదు. నీకేం తెలిసి, నాకేం తెలియదో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు చెబుతున్నాను. నేను రాసినవాటిలో చాలావి నిజం కావు.

బావ కడుపునిండా తినలేదు. మా కోసం కాస్త కెలికి లేచేవాడు. నిద్ర కూడా పోయేవాడు కాదు, వరండాలో కూర్చునేవాడు. నువ్వు బెంగ పడతావని బాగున్నాడని రాశాను. పిల్లలొచ్చిన రోజు ఎండదెబ్బ కాదు. చివరి అరుగు మీద ముడుచుకు కూర్చుని ఉన్నాడు. విజిల్ పిడికిట్లోంచి తియ్యలేకపోయాను. "నన్ను వాళ్ళ వెనక నడవమనకే" అన్నాడు. సిగ్గు అనుకుని నవ్వానత్తా. నవ్వాను.

ఇంకోటి. ఆ పెద్దమనిషి వచ్చి వెళ్ళాడని బావకి అదే రోజు చెప్పేశాను, నీ ఉత్తరం రాకముందే. "నీ కోసం ఎవరో వచ్చారు బావా, గుండీ తప్పు పెట్టుకున్న ఆయన, తరిమేశాలే" అన్నాను. ఘనకార్యం చేసినట్టు చెప్పాను. బావ మొహం తెల్లగా పాలిపోయింది. "ఏమైనా అన్నాడా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎలా పోయాడని నువ్వు అందర్నీ అడిగావు, నన్ను తప్ప. నాకు తెలిసింది ఇంతే. కాలువ మలుపు దగ్గర, నీరు తీశాక, మడ వేళ్ళ మధ్య కనిపించాడు. ఆ మలుపులో ఒక పలక కింద కొయ్య వదులైతే కొత్తగా మేకులు కొట్టి ఉన్నాయి. పైనుంచి కొట్టడానికి వీలుకాని చోటు, బురదలోకి దిగాలి. ఆ పని చేస్తుంటే పోటు తన్నుకొచ్చిందేమో. బావకి ఈత రాదు. బురదలో కాలు దిగబడితే ఈతొచ్చినవాడు కూడా లేవలేడు. కాలు జారిందని పోలీసులన్నారు. మేకులు కొట్టడం అయిపోయాక అక్కడే ఉండిపోయాడేమో కూడా. నాకు తెలియదత్తా. నీ మనసు కుదుటపడాలని కాలు జారిందనే చెప్పగలను, కానీ చెప్పను. అలా చెప్పే ఇక్కడిదాకా వచ్చాం.

నువ్వు తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

పిచ్చుక

ఆగస్టు 19

పిచ్చుకా,

తిట్టడానికి ఓపిక లేదు. రాయకుండా ఉందామనుకున్నాను. నిన్న జరిగింది ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేట్టుంది, నువ్వు తప్ప ఎవరున్నారు?

ఆయన లాండ్రీకి వచ్చాడు. పాప తండ్రి. వెనక గుమ్మం దగ్గర, మురికి బట్టల బండ్లు దించే చోట నిలబడ్డాడు. పారిపోదామనుకున్నాను, చేతిలో తడి దుప్పటి ఉంది. నాకు వినపడదని ఎవరో చెప్పినట్టున్నారు, దగ్గరికొచ్చి మొహం ఎదురుగా పెట్టి నెమ్మదిగా మాట్లాడాడు.

"అమ్మా, ఆ రోజు గేటు దగ్గర నేనున్నాను. పాప చేతిలో బంతి జారి వ్యాను వెనక్కి దొర్లింది. వంగింది. ఎవరికీ కనపడదమ్మా. మీ అబ్బాయి దిగి పాపని ఎత్తుకుని రోడ్డు వెంట పరిగెత్తాడు. ఆ పరుగు నేను చూశాను. తన తప్పు లేదని ఒక్కమాట చెప్పాలి. మీ ఇంటికొచ్చాను. సముద్రం దగ్గర ఊళ్ళో పార్కులో ఉన్నాడని వ్యాను యజమాని చెబితే అక్కడికీ వెళ్ళాను. దొరకలేదు. ఎక్కడున్నాడు?"

ఆ మాట మోసుకుని నా గుమ్మంలోకీ నీ కిటికీ దగ్గరికీ వచ్చాడు పిచ్చుకా. మనిద్దరం కలిసి తలుపులు వేశాం.

నేనేం చెప్పానో తెలుసా? దూరంగా పని దొరికింది, బాగున్నాడు, మీ మాట అందజేస్తాను అన్నాను. ఆ మనిషి అక్కడే బండి పట్టుకుని ఏడ్చాడు. బరువు దిగినవాడి ఏడుపు. బిడ్డని పోగొట్టుకున్నవాడి నెత్తిన ఇంకొకడి చావు ఎలా పెట్టను? నువ్వు కూడా అదే చెప్పు. ఎవరడిగినా బావ దూరంగా పనిలో ఉన్నాడు.

మీ అత్త

ఆగస్టు 27

అత్తా,

నేను చెప్పను.

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. ఆయన నా కిటికీ దగ్గర నిలబడి నీళ్ళు తాగినప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. అది కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. గేటు లోపల, చెట్ల చాటున బావ పలకలు సరిచేస్తున్నాడు. పిలిస్తే పలికేంత దూరం. నేను పిలవలేదు. ఇప్పుడు మళ్ళీ ఆయన్ని వెనక్కి పంపమంటున్నావా?

నువ్వు జాలితోనే అన్నావు, తెలుసు. నేను కడుపునిండా తింటున్నాడని రాసింది కూడా జాలితోనే. ఆయన బదులు కోసం ఎదురుచూస్తాడత్తా. ఈ నెల కాకపోతే వచ్చే నెల మళ్ళీ లాండ్రీకి వస్తాడు, "ఏమన్నాడమ్మా?" అని అడుగుతాడు. అప్పుడేం చెబుతావు? ఏదో ఒక రోజు ఎవరి నోటో విని తెలుసుకుంటాడు. తన మాట ఆలస్యమైందనీ, ఆలస్యం చేసింది మనమనీ కూడా అప్పుడే తెలుస్తుంది.

నువ్వు వెళ్ళలేనంటే నేనొచ్చి చెబుతాను. ఆయన్ని పంపేసింది నేను. నన్నే తిట్టనీ.

మడ చెట్ల బాట ఇంకా మూసే ఉంది. ఆఫీసువాళ్ళు కొత్త కడ్డీలు వేయిస్తున్నారు. నన్ను ఊడ్చే పనికి మార్చారు. రోజూ ఆ మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాను.

పిచ్చుక

సెప్టెంబర్ 6

పిచ్చుకా,

వెళ్ళాను.

పని మానేసి, పొద్దున్నే వెళ్ళాను. వాళ్ళిల్లు బడి వెనక సందులో ఉంది. ఆయన గుమ్మంలోనే కనిపించి, నా చేతుల వైపు చూశాడు, ఉత్తరమేదైనా తెచ్చానేమోనని. గడప మీదే కూర్చుని చెప్పాను. నేను తలుపు వేసింది, నువ్వు లేడని పంపింది, వాడు పోయింది, మొన్న నేను అబద్ధమాడింది, అన్నీ. కాలు జారిందో లేక వాడే ఉండిపోయాడో తెలియదని కూడా చెప్పాను.

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. లేచి వచ్చేద్దామనుకుంటుంటే ఆవిడ బయటికొచ్చింది, పాప తల్లి. ఆవిణ్ణి నేను చూడటం అదే మొదటిసారి. నా పక్కనే గడప మీద కూర్చుంది. నాకు వినపడదేమోనని నా మోకాలి మీద తట్టి అడిగింది.

"మీ అబ్బాయికి ఎన్నేళ్ళు?"

చెప్పాను. ముప్ఫై దాటలేదు.

"మా పాపకి ఏడు వస్తాయి వచ్చే నెలకి" అంది. వచ్చేవి అనలేదు, వస్తాయి అంది.

సందులో జనం పోతూ మా వైపు చూస్తున్నారు. నా తలుపు మీద బురద కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు వాళ్ళలో. ఆవిడ కదల్లేదు, నేనూ కదల్లేదు. ఎండ మా కాళ్ళ మీదికి వచ్చేదాకా అలాగే ఉన్నాం.

నేను లేచేటప్పుడు ఆయన బయటికొచ్చాడు. మొహం కడుక్కున్నాడు. "చెప్పాల్సింది ఉండిపోయిందమ్మా. ఆ చోటు చూపిస్తారా?" అన్నాడు. క్షమించాడనుకోకు. నేను అడగలేదు, ఆయన అనలేదు. ఆ మాటలు మా ముగ్గురిలో ఎవరి దగ్గరా లేవు.

ఆదివారం ఉదయం బస్సుకి వస్తున్నాం. బాట మూసి ఉందని చెప్పాను; గేటు బయట నుంచైనా చూస్తామన్నారు. మీ ఆఫీసువాళ్ళని అడిగి చూడు. వాళ్ళిద్దరూ సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు.

నేను నీ దగ్గరే ఉంటాను.

మీ అత్త